వాడిన నూనెతో లారీ: ఇంట్లో చేసే బయోడీజిల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఆపితే చాలు, పక్క షెడ్డువాళ్ళు ముందు పొగ వాసన పట్టి, ఆ తరువాత ట్యాంకు మూత వైపు చూస్తారు. ఇక ప్రశ్నలు మొదలు. ఒకే సంగతి యాభైసార్లు చెప్పీ చెప్పీ విసుగెత్తి ఇవన్నీ ఒకచోట రాశాను. మాది 2006 మోడల్ లారీ. వాడిన వంటనూనెతో నేనే చేసుకునే బయోడీజిల్‌ను డీజిల్‌లో కలిపి నడుపుతాను. గుంటూరు మిర్చి యార్డుకీ శీతల గిడ్డంగులకీ విజయవాడకీ మధ్య తిరుగుతుంది. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

మరిగిన నూనెను గుడ్డలో వడగట్టి నేరుగా ట్యాంకులో పోసేస్తే సరిపోదా? అంత తతంగం ఎందుకు?

ఇంజన్ నడుస్తుంది, అదే అసలు చిక్కు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతోనే నడిపి చూపించారు. కానీ వంటనూనె డీజిల్ కన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. సగం కాలిన నూనె నాజిల్ మొనల మీద బొగ్గులా పేరుకుంటుంది, పిస్టన్ రింగులను పట్టేస్తుంది, సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని జిగురు చేస్తుంది. బండి ఆగే రోజుకు బోరు పని (సిలిండర్ లోపలి గోడలను మళ్ళీ చెక్కించడం) కూడా చేయించాల్సి వస్తుంది. బయోడీజిల్ చేయడమంటే ఆ చిక్కదనాన్ని విడగొట్టడమే. నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరిన్‌ను పట్టుకుని ఉంటాయి. కాస్టిక్ సోడా సాయంతో మిథనాల్ అనే ఆల్కహాల్ ఆ గ్లిసరిన్‌ను తప్పించి దాని చోటులో చేరుతుంది. అడుగున గ్లిసరిన్ దిగుతుంది, పైన పల్చటి ఇంధనం తేలుతుంది.

సొంత లారీకి సొంతంగా చేసుకుంటే పోలీసులు పట్టుకుంటారా?

అమ్మకం మాట వేరు, వాడకం మాట వేరు. 2019లో కేంద్ర పెట్రోలియం శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బయోడీజిల్‌ను డీజిల్‌లో కలపడానికి మాత్రమే అమ్మాలి. అమ్మే సరుకు ఐఎస్ 15607 అనే భారతీయ ప్రమాణానికి సరితూగాలి, అమ్మే కేంద్రానికి అనుమతి ఉండాలి. కాబట్టి పక్క లారీకి పది లీటర్లు డబ్బుకు పోసినా మీరు అమ్మకందారే. సొంత వాడకంలో ముందుగా అడ్డు వచ్చేది ఇంధనం కాదు, మిథనాల్. దాని కొనుగోలు, నిల్వ ప్రభుత్వ నియంత్రణలో ఉన్నాయి. కల్తీ సారా చావుల వెనుక ఎక్కువగా ఉండేది అదే కనుక ఆ కట్టుదిట్టం న్యాయమే. ముందు ఎక్సైజ్ కార్యాలయంలోనూ అగ్నిమాపక కార్యాలయంలోనూ అడిగి, కావలసిన అనుమతులు తీసుకుని, ఆ తరువాతే డ్రమ్ము కొనండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

లీటరుకు ఎంత మిగులుతుంది?

మీరు అనుకుంటున్నంత మిగలదు. వంద లీటర్ల వాడిన నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్, నూనెను బట్టి అర కిలో నుంచి కిలో దాకా కాస్టిక్ సోడా పడతాయి. అన్నీ సవ్యంగా జరిగితే కడిగి ఆరబెట్టాక 90 లీటర్ల పైచిలుకు ఇంధనం చేతికొస్తుంది. లెక్క వేసేటప్పుడు చాలామంది కరెంటు, ఫిల్టర్లు, పాడైపోయే బ్యాచ్‌లు, తమ ఆదివారాలు మరచిపోతారు. నూనె మీకు దాదాపు ఉచితంగా దొరికితేనే ఇది లాభం. డబ్బు పెట్టి కొంటే మాత్రం కాగితం మీద లెక్క వేసుకోండి, తొందరలోనే ఉత్సాహం తగ్గుతుంది. నేను ఆపకపోవడానికి సగం కారణం లాభం, మిగతా సగం మొండితనం.

మాది కొత్త బీఎస్6 బండి. పోయవచ్చా?

వద్దు. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణం) లారీల్లో, ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ అత్యధిక పీడనంతో ఇంధనం పంపే కామన్ రైల్ వ్యవస్థ, పొగలోని మసిని పట్టే వడపోత ఉంటాయి. ఆ వడపోతలో చేరిన మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు ఇంధనం చిమ్ముతాయి. డీజిల్ అయితే ఆవిరై బయటికి పోతుంది. బయోడీజిల్ తేలిగ్గా ఆవిరి కాదు, గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. గ్యారంటీ పోవడం అదనం. ఇంట్లో చేసిన ఇంధనం పాత మెకానికల్ పంపు ఉన్న బండ్లకే సరి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసుకోవచ్చా?

కూడదు. మిథనాల్ ఆవిరికి 11 డిగ్రీల దగ్గరే నిప్పంటుకుంటుంది. విజయవాడలో దాదాపు ఎప్పుడూ అంతకన్నా వేడే. ఆ ఆవిరి గాలికన్నా కాస్త బరువైనది కాబట్టి మూసిన చోట నేల మీద పరుచుకుంటుంది. స్విచ్చు నిప్పురవ్వ చాలు. నాలుగువైపులా గాలి ఆడే రేకుల షెడ్డు, చుట్టుపక్కల ఇళ్ళు లేని స్థలం ఉంటేనే ఆలోచించండి.

## నూనె సేకరణ

నూనె ఎక్కడ అడగాలి? బజ్జీల బండివాళ్ళు ఇస్తారా?

బండివాళ్ళ దగ్గర మిగిలేది తక్కువ, మిగిలినది మరీ నల్లది. వాళ్ళలో కొందరు పెద్ద హోటళ్ళ నుంచి ఒకసారి వాడిన నూనె కొని మళ్ళీ వాడతారు, అందుకే అది మూడో జన్మ ఎత్తినట్టుంటుంది. స్వీట్ల తయారీ కేంద్రాలు, చిప్స్ బట్టీలు, హాస్టల్ వంటశాలలు మేలు. 2018 జులై 1 నుంచి పదేపదే మరిగిస్తే నూనెలో పెరిగే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ నియమం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, అలాంటి నూనెను బయోడీజిల్ వైపు మళ్ళించే రూకో పథకం మొదలైంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు లెక్కల పుస్తకం రాయాలి, వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వాలి. అంటే పెద్ద హోటల్ యజమాని మీకు నూనె ఇవ్వలేనంటే అది పొగరు కాదు, నిబంధన. చిన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ప్రతి వారం అదే రోజు, అదే వేళకు వెళ్ళండి. ఖాళీ డబ్బా కడిగి తిరిగివ్వండి. నూనె ఇచ్చేవాళ్ళు మీ సమయపాలనకే లొంగుతారు.

ఏ నూనె మంచిది?

మన దగ్గర దొరికేదంతా దాదాపు పామోలిన్. దాన్నుంచి వచ్చే ఇంధనం మండటంలో బాగుంటుంది, నిల్వకు ఆగుతుంది, చలికి మాత్రం తొందరగా మబ్బు పడుతుంది. పొద్దుతిరుగుడు నూనెది సరిగ్గా దీనికి తలకిందులు: చలికి ఆగుతుంది, నిల్వకు ఆగదు. ఆముదం మాత్రం తీసుకోకండి. దాని బయోడీజిల్ కూడా మరీ చిక్కగానే ఉంటుంది.

కానుగ గింజలతో చేయవచ్చు కదా? పొలం గట్ల నిండా ఉన్నాయి.

చేయవచ్చు, కానీ మొదటి ప్రయత్నానికి కాదు. కానుగ నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు తరచుగా ఎక్కువ. నేరుగా కాస్టిక్ సోడా వేస్తే ఇంధనం కన్నా సబ్బే ఎక్కువ వస్తుంది. ముందు గంధకామ్లం, మిథనాల్‌తో ఒక దశ నడిపి ఆమ్లాలను తగ్గించి, ఆ తరువాత మామూలు దశకు వెళ్ళాలి. గంధకామ్లంతో షెడ్డులో ఆటలాడమని నేను చెప్పను.

నూనెలో నీళ్ళు ఉన్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

పొయ్యి మీద మూకుడు వేడి చేసి నాలుగు చుక్కలు వేయండి. పోపులో కరివేపాకు వేసినట్టు చిటపటలాడితే నీళ్ళున్నట్టే. నిశ్శబ్దంగా పరుచుకుంటే పని మొదలుపెట్టవచ్చు. నీళ్ళు తీయడానికి తొందర పనికిరాదు: నూనెను 60 డిగ్రీలకు వేడి చేసి, శంకువు అడుగున్న డ్రమ్ములో ఒకటి రెండు రోజులు వదిలేస్తే నీళ్ళు, మడ్డి అడుగుకు దిగుతాయి, కింద కుళాయి తిప్పి వదిలేయాలి. రోహిణి కార్తెలో అయితే నల్ల డ్రమ్మును ఎండలో పెడితే చాలు, హీటర్‌తో పని తక్కువ. ఎండ వల్ల మనకు దక్కే మేలు అదొక్కటే.

## తయారీ

కొలతలు ఏమిటి?

లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్. నిజానికి రసాయన చర్యకు 125 దాకా చాలు, కానీ చర్య చివరిదాకా సాగాలంటే మిగులు ఉండాలి. కాస్టిక్ సోడా తాజా నూనెకైతే లీటరుకు 5 గ్రాములు, వాడిన నూనెకు దాని పులుపును (అంటే అందులోని విడి కొవ్వు ఆమ్లాలను) బట్టి అంతకన్నా ఎక్కువ. కాస్టిక్ పొటాష్ వాడేవారు ఈ అంకెలను 1.4తో గుణించుకోవాలి, అమ్మే సరుకు స్వచ్ఛత తక్కువైతే ఇంకాస్త కలపాలి. నూనెను 55 డిగ్రీలకు వేడి చేసి హీటర్ ఆపండి. ఆ తరువాతే, మూత బిగించిన డ్రమ్ములోకి, సోడా కలిపిన మిథనాల్‌ను పంపండి. మిథనాల్ సుమారు 65 డిగ్రీలకు మరుగుతుంది కాబట్టి అంతదాకా పోనివ్వకూడదు. గంట నుంచి రెండు గంటలు పంపుతో తిప్పి, రాత్రంతా కదపకుండా ఉంచండి. అల్యూమినియం డేగిశాలో మాత్రం ఏదీ కలపకండి. కాస్టిక్ సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు వాడండి.

పులుపు కొలవడం అంటున్నారు, అది ప్రయోగశాలలో చేయించాలా?

వంటింటి బల్ల మీద చేసుకోవచ్చు, వంట పాత్రలు మాత్రం వాడకూడదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గ్రాము కాస్టిక్ సోడా కరిగించి సీసాలో పెట్టుకోండి. చిన్న గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందులో సరిగ్గా 1 మిల్లీలీటరు నూనె కలపండి. రంగు చూపడానికి ఫినాఫ్తలీన్ చుక్క వేయాలి. అది లేకపోతే పసుపు. దుగ్గిరాల కొమ్ములు కొట్టించిన పసుపును కాస్త ఆల్కహాల్‌లో నానబెట్టి వడగడితే చాలు, కొన్న పొట్లాల్లో ఏముంటుందో చెప్పలేం. ఇప్పుడు సిరంజితో సోడా నీళ్ళు చుక్క చుక్కగా వేస్తూ కలపండి. పసుపుపచ్చగా ఉన్నది ఒక్కసారిగా పారాణి రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే జరిగేదే ఇది. ఆ రంగు అర నిమిషం నిలిస్తే ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో చూడండి. 3 పడితే లీటరు నూనెకు 5కు 3 కలిపి 8 గ్రాములు. ఆల్కహాల్‌కు కూడా సొంత పులుపు ఉండవచ్చు కాబట్టి, ముందుగా నూనె లేకుండా ఒకసారి చేసి ఆ అంకె తీసేయండి. 5 లేదా 6 దాటిన నూనెను నేను వెనక్కి పంపేస్తాను. ప్రతి డ్రమ్ముకూ ఈ పరీక్ష చేయాలి. పోయిన వారం నూనె ఈ వారం నూనె కాదు.

మిథనాల్ నిజంగా అంత ప్రమాదమా? స్పిరిట్ లాంటిదే కదా?

స్పిరిట్ లాంటిదని అనుకునే ప్రాణాలు పోతాయి. పది మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోవచ్చు, మరికాస్త పోతే ప్రాణమే. పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి చేరుతుంది. మామూలు గుడ్డ ముసుగు దాని ఆవిరిని ఆపలేదు. పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు, చేయి కాలాకే తెలుస్తుంది. సోడా కలిపాక అది మరీ దుర్మార్గం: చర్మాన్ని కాలుస్తుంది, నరాలు మొద్దుబారడం వల్ల నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. పొడుగు రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు, పక్కనే పారే నీళ్ళ గొట్టం. మీద పడితే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. మిథనాల్ డబ్బాను నీళ్ళ సీసాలోకో కూల్‌డ్రింక్ సీసాలోకో ఎప్పుడూ వంచకండి. ఈ పని ఒంటరిగా కూడా చేయకండి.

మొత్తం గడ్డకట్టి జున్నులా అయిపోయింది. ఏం జరిగింది?

సబ్బు తయారైంది. నూనెలో నీళ్ళైనా ఉండాలి, సోడా ఎక్కువైనా పడి ఉండాలి. నా మూడో బ్యాచ్ ఇలాగే పోయింది. డిసెంబరు వర్షాల్లో తెచ్చిన నూనె, మూకుడు పరీక్ష చేయకుండా తొందరపడ్డాను. పొద్దున్నే మూత తీస్తే అరవై లీటర్లు గోధుమరంగు హల్వాలా కదలకుండా ఉంది, గరిటె గుచ్చితే నిలబడింది. దాన్ని డ్రమ్ములోంచి తవ్వడానికి రెండు పూటలు పట్టింది. మరో కారణం గాలి: మన కోస్తా తేమలో కాస్టిక్ సోడా డబ్బా తెరిచి ఉంచితే పలుకులు చెమట పట్టి బలం కోల్పోతాయి, అప్పుడు కొలతలు తప్పుతాయి. తూచడం నిమిషంలో ముగించి మూత బిగించండి.

## కడగడం, పరీక్షించడం

గ్లిసరిన్ తీసేశాక పోసుకోవచ్చా, లేక కడగాల్సిందేనా?

కడగాల్సిందే. పైన బంగారు రంగులో మెరిసే ద్రవంలో సబ్బు, మిథనాల్, సోడా ఇంకా ఉంటాయి. మూడోవంతు గోరువెచ్చని నీళ్ళు పోసి, మొదటిసారి కేవలం చల్లినట్టుగా తడపండి. అప్పుడే కవ్వంతో చిలికినట్టు చిలికితే తెల్లగా మజ్జిగలా మారి రోజంతా విడిపోదు. రెండోసారి కాస్త గట్టిగా, మూడోసారి ఇంకాస్త. దిగే నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, సాధారణంగా మూడు నాలుగుసార్లు. తరువాత 50 డిగ్రీల దాకా వేడి చేసి, మూత తీసి, ఫ్యాను గాలి తగిలేలా తిప్పుతూ ఆరబెట్టండి. గాజు సీసాలో పోసి వెనక దినపత్రిక పెడితే చిన్న అక్షరాలు కూడా చదవగలగాలి. మసకగా ఉంటే నీళ్ళు పోలేదన్నమాట.

చర్య పూర్తయిందని ఎలా నమ్మాలి?

3 మిల్లీలీటర్ల ఇంధనాన్ని 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేసి ఊపండి. పూర్తిగా కలిసిపోయి తేటగా ఉంటే చర్య చివరిదాకా సాగింది. అడుగున నూనె చుక్కలు దిగితే మారని నూనె మిగిలి ఉంది, మరికాస్త మిథనాల్, సోడాతో ఇంకో విడత తిప్పాలి. మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఈ పరీక్ష 20 డిగ్రీల దగ్గర చేయాలి. మే నెల మధ్యాహ్నం షెడ్డులో చేస్తే వేడికి చెడ్డ బ్యాచ్ కూడా కరిగిపోయి మంచిదిలా కనబడుతుంది. సీసాను కాసేపు చల్లటి నీళ్ళలో ఉంచి చేయండి.

## లారీలో పోశాక

మొదటిసారే ట్యాంకు నిండా పోయవచ్చా?

డీజిల్‌లో 20 శాతంతో మొదలుపెట్టండి. రెండు మూడు ట్యాంకులు అలా నడిచాక పెంచండి. నేను చాలాకాలంగా సగానికి సగం దగ్గరే ఆగిపోయాను.

పోసిన వారానికే బండి లాగడం మానేసింది. ఇంధనం చెడ్డదా?

తొంభై శాతం అది ఫిల్టరే. బయోడీజిల్‌కు మురికి కరిగించే గుణం ఉంది. ఏళ్ళ తరబడి ట్యాంకు గోడలకు పట్టిన తారును కడిగి ఫిల్టర్‌కు చేరవేస్తుంది. నాకు ఇది కనకదుర్గ వారధి మీద జరిగింది. మిర్చి బస్తాలతో గుంటూరు నుంచి వస్తూ, వారధి మధ్యలో బండి దమ్ము తగ్గి, గేరు తగ్గించినా లాగక, నిలబడిపోయింది. వెనక హారన్ల మోత, పక్కన కృష్ణ మీద గాలి. ఫిల్టర్ గిన్నె విప్పితే నల్లటి కాటుకలాంటి మడ్డి. చేతిలో మరో ఫిల్టర్ లేదు. క్లీనర్ బైకు ఎక్కి ఆటోనగర్ వెళ్ళి తెచ్చేసరికి గంటన్నర. మొదటి నెలలో రెండు ఫిల్టర్లు, స్పానరు, చేతిపంపు కొట్టి గాలి తీయడం వచ్చిన మనిషి బండిలో ఉండాలి. ట్యాంకును ముందే విప్పి కడిగిస్తే ఇంకా మంచిది.

రబ్బరు పైపులు కరిగిపోతాయంటున్నారు, నిజమేనా?

పాత బండ్లలోని మామూలు రబ్బరు, నైట్రైల్ పైపులు కొన్నాళ్ళకు ఉబ్బి, మెత్తబడి, చెమర్చడం మొదలుపెడతాయి. బయోడీజిల్‌కు ఆగే విటాన్ అనే రబ్బరు పైపులు, సీళ్ళు వేయించండి. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న గొట్టాలు ఇంధనాన్ని తొందరగా చెడగొడతాయి, నిల్వ డ్రమ్ములకు వాటిని వాడకండి.

మైలేజీ తగ్గుతుందా?

తగ్గుతుంది. లీటరుకు శక్తి డీజిల్ కన్నా ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ, అదీ పూర్తి బయోడీజిల్‌కు. సగం కలిపితే తేడా డ్రైవర్ కాలి కింద పోయేంత చిన్నది. పంపు లోపలి భాగాలకు జారుడుగుణం ఎక్కువగా అందుతుంది, మోత కాస్త తగ్గినట్టుంటుంది. ఇంజన్ ఆయిల్ గేజి పుల్ల మాత్రం వారం వారం చూడండి. మట్టం తగ్గకపోగా పెరిగితే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం, వెంటనే మార్చాలి.

చలికాలంలో గడ్డకడుతుందా?

పామోలిన్ ఇంధనం 13 నుంచి 16 డిగ్రీల మధ్య మబ్బు పడటం మొదలవుతుంది. విజయవాడ, గుంటూరుల్లో అంత చలి అరుదు. కానీ జనవరిలో హైదరాబాద్ మీదుగా నాగపూర్ లోడు ఎత్తితే, తెల్లవారుజామున ఫిల్టర్‌లో నెయ్యి పేరుకున్నట్టు పేరుకుంటుంది. అలాంటి ప్రయాణానికి బయలుదేరే ముందు ట్యాంకులో మామూలు డీజిల్ మాత్రమే ఉంచుకోండి.

ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది?

మూడు నెలల్లో వాడేయండి. గాలి, వేడి, వెలుతురు, తేమ నాలుగూ దానికి శత్రువులు. సగం ఖాళీ డ్రమ్ములో రాత్రి చల్లబడిన గాలి నుంచి నీటి చెమట దిగుతుంది, ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు పొర కడతాయి. మక్కిన వాసన వస్తే ట్యాంకులో పోయకండి.

## మిగిలిన సందేహాలు

అడుగున దిగిన గ్లిసరిన్‌ను ఏం చేయాలి? మందుల కంపెనీలు కొంటాయటగా?

వాళ్ళకు కావలసింది శుద్ధి చేసిన గ్లిసరిన్. మీ డ్రమ్ము అడుగున ఉన్నది సబ్బు, మిథనాల్, సోడా కలిసిన నల్లటి పాకం. మిథనాల్‌ను మూసిన పాత్రలో ఆవిరి చేసి మళ్ళీ పట్టుకోగలిగితే, మిగిలినదానితో షెడ్డు నేల కడిగే సబ్బు చేసుకోవచ్చు. లేదా పారిశ్రామిక వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో రాత్రిపూట వంచేయడం మాత్రం వద్దు. కడిగిన నీళ్ళూ అంతే. అందులోనూ మిథనాల్, సబ్బు ఉంటాయి. కింద ఊళ్ళలో ఆ నీళ్ళు తాగే గొడ్లు ఉన్నాయి.

పొగ బజ్జీల వాసన వస్తుందంటారు, నిజమేనా?

కొద్దిగా. బండి చల్లగా ఉన్నప్పుడు, స్టార్టు చేసిన మొదటి రెండు నిమిషాలు, బాగా మరిగిన మూకుడు పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. నల్లపొగ మాత్రం స్పష్టంగా తగ్గుతుంది. యార్డులో సరుకు దించే హమాలీ ఒకాయన ప్రతిసారీ సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి చూస్తాడు. ఒకసారి "ఈ వారం మిరపకాయ బజ్జీ కాదు బాబూ, జంతికలు" అన్నాడు. ఆ వారం నూనె నిజంగానే జంతికల బట్టీ నుంచి వచ్చిందని ఆయనకు నేను చెప్పలేదు.